పుట్టబోయేవాళ్ళ కన్నా ముందు, ఊరు దాటినవాళ్ళను లెక్కించండి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు గారికి,



ఎక్కువమంది పిల్లల్ని కనమని 2024 అక్టోబరులో మీరు రాష్ట్ర ప్రజలకు పిలుపునిచ్చారు. ఆ మరుసటి నెలలోనే, ఇద్దరికి మించి సంతానం ఉన్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం నిబంధనను శాసనసభ తీసేసింది. ఆ నిబంధన పోవడం మంచిదే. ఎంతమంది పిల్లలున్నారన్నది సర్పంచి యోగ్యతకు కొలత కాదు. 1997లో రాష్ట్ర జనాభా విధానం ప్రకటించి కుటుంబ నియంత్రణను ఇంటింటికీ తీసుకెళ్ళింది మీ ప్రభుత్వమే కాబట్టి, ఇప్పుడీ మలుపు మీరు తేలిగ్గా తీసుకున్నది కాదని నమ్ముతున్నాను. ముసలితనం పెరిగిపోతున్న సమాజం గురించి మీకున్న ఆందోళనతో నాకు పేచీ లేదు. కానీ ఆ పిలుపు వెనక ఇంకో లెక్క కూడా వినిపిస్తోంది: జనం తగ్గితే ఢిల్లీలో మన పన్నుల వాటా తగ్గుతుంది, సీట్లూ తగ్గుతాయి, అందుకని జనం పెరగాలి అన్నది. ఆ లెక్క తప్పని చెప్పడానికే ఈ లేఖ. మన వాటాను కోస్తున్నది పుట్టని పిల్లలు కాదు. పుట్టి, పెరిగి, చదువుకుని, ఊరు దాటి, ఏ పద్దులోనూ మన పేరు మీద కనిపించకుండా పోతున్న పెద్దవాళ్ళు.

ముందు ఢిల్లీ పద్దు చూద్దాం. 13వ ఆర్థిక సంఘం దాకా కేంద్ర పన్నుల పంపకానికి 1971 జనాభాయే ఆధారం. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదన్న మాట దాని వెనక ఉంది. 14వ సంఘం 1971 లెక్కకు పదిహేడున్నర శాతం బరువు ఉంచి, 2011 లెక్కను పది శాతంతో లోపలికి తెచ్చింది. 15వ సంఘం 1971ని పక్కనపెట్టి 2011 జనాభాకు 15 శాతం బరువు ఇచ్చింది. 2011 లెక్కలే వాడాలన్న ఆ సంఘం విధివిధానాల మీదే 2018లో దక్షిణాది ఆర్థిక మంత్రులు ఏప్రిల్‌లో తిరువనంతపురంలో, మేలో అమరావతిలో సమావేశమయ్యారు. పదిహేనే కదా అనుకుంటే పొరపాటు. ఆ సంఘం 45 శాతం బరువు ఇచ్చిన ఆదాయ వ్యత్యాసం కొలతలో కూడా, తలసరి ఆదాయంలో ఎంత వెనకబడ్డామన్న అంకెను జనాభాతోనే గుణిస్తారు. అంటే జనాభా ముందు గుమ్మంలోంచి ఒకసారి, పెరటి గుమ్మంలోంచి మరోసారి లోపలికి వస్తుంది. విభజన తర్వాత 14వ సంఘం మన రాష్ట్రానికి ఇచ్చిన వాటా 4.305 శాతం. 15వ సంఘం 2021 నుంచి అయిదేళ్ళకు ఇచ్చింది 4.047 శాతం. ఈ తగ్గుదల మొత్తం జనాభా వల్లనే అనడం న్యాయం కాదు, సూత్రంలో మిగతా బరువులూ మారాయి. ఎంతైనా 2025–26 కేంద్ర బడ్జెట్ అంచనాల ప్రకారం ఈ వాటా కింద మనకు రావలసింది సుమారు 57,566 కోట్లు. దాన్ని 2011 లెక్కల్లోని 4.96 కోట్ల మందికి పంచి చూస్తే తలకు 11,600 రూపాయల చొప్పున పడుతుంది. ఒక తల లెక్కలోకి రావడం, రాకపోవడం ఎందుకంత రాజకీయమైందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

సరే, పిల్లలు ఎక్కువమంది పుడితే ఈ వాటా పెరుగుతుందా? అదే సూత్రంలో జనాభా నియంత్రణకు 15వ సంఘం పన్నెండున్నర శాతం బరువు పెట్టింది. సంతానోత్పత్తి రేటు ఎంత తక్కువైతే అన్ని ఎక్కువ మార్కులు వచ్చేవి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రేటు 1.7, బిహార్‌ది 3. మనం సంపాదించుకున్న మార్కులను మనమే చెరిపేసుకుని, ఇంకో గడిలో మార్కుల కోసం పోటీ పడడం అవుతుంది. ఆ పోటీలో బిహార్‌ను గెలవడం ఎలాగూ కుదరదు. దానికి తోడు కాలం సంగతి ఒకటుంది. 2011 తర్వాత జనాభా లెక్కలు జరగలేదు కాబట్టి 16వ ఆర్థిక సంఘానికీ ఆ పాత లెక్కలే దిక్కయ్యాయి. 2027 మార్చి 1 తేదీకి తీసే తలల లెక్క 2031 నుంచి రాబోయే పంపకానికి ఆధారమవుతుంది. 84వ రాజ్యాంగ సవరణ బిగించి ఉంచిన పార్లమెంటు సీట్లు కూడా 2026 తర్వాతి తొలి లెక్కల కోసమే ఆగి ఉన్నాయి. మీ పిలుపు విని కొత్త దంపతులు ఈ రోజే నిర్ణయం తీసుకున్నా ఆ లెక్కకు కలిసేది నామమాత్రం. ఆ బిడ్డ సంపాదించి పన్ను కట్టే వయసుకు వచ్చేసరికి 2050 దగ్గరపడుతుంది. ఈలోగా బాలింత వైద్యం, అంగన్‌వాడీ, బడి, కాలేజీ ఫీజు అన్నీ రాష్ట్ర ఖజానా మీదే.

ఆ బిడ్డ పెద్దయ్యాక ఎక్కడుంటాడన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు మన జిల్లాల చరిత్రలోనే ఉంది. 2001కీ 2011కీ మధ్య పాత తూర్పుగోదావరి జిల్లా జనాభా 49 లక్షల నుంచి 51.5 లక్షలకు పెరిగింది, అంటే పదేళ్ళలో అయిదు శాతం. అదే పదేళ్ళలో హైదరాబాద్‌ను చుట్టుకుని ఉన్న పాత రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగింది. అప్పటికి రెండూ ఒకే రాష్ట్రం. ఒకే ప్రభుత్వం, ఒకే కుటుంబ నియంత్రణ కార్యక్రమం. రంగారెడ్డి తల్లులు అంతమందిని కనలేదు, గోదావరి తల్లులు అంత తక్కువా కనలేదు. ఈ తేడాలో ఎక్కువ భాగం రైళ్ళలో, బస్సుల్లో ప్రయాణం చేసి వెళ్ళిన జనమే. దాని రాజకీయ ఫలితం కోనసీమలోని మా అల్లవరం మండలానికి బాగా తెలుసు. 2008లో 2001 లెక్కల మీద నియోజకవర్గాలను తిరిగి గీసినప్పుడు తూర్పుగోదావరికి ఉన్న 21 అసెంబ్లీ సీట్లు 19 అయ్యాయి. అల్లవరం పేరుతో ఉన్న ఎస్సీ నియోజకవర్గం మాయమై, ఈ ఊళ్ళన్నీ అమలాపురంలో కలిసిపోయాయి. ఆ పక్క రంగారెడ్డికి 14 సీట్లు దక్కాయి. గమనించండి, మా జిల్లాలో జనం తగ్గలేదు. మిగతావాళ్ళు మాకన్నా వేగంగా పెరిగారు, అంతే. తలల లెక్క మీద నడిచే పంపకంలో మనం ఎంత పెరిగామన్నది కాదు, ఎవరితో పోలిస్తే ఎంత అన్నదే చెల్లుతుంది. రేపు పార్లమెంటు సీట్ల దగ్గరా ఇదే సూత్రం.

పన్నుల సంగతిలో ఈ వలస ఇంకా లోతుగా కోస్తుంది. 2017 జులై నుంచి అమలైన జీఎస్టీ, వస్తువు తయారైన చోట కాక అనుభవించిన చోట రాష్ట్రానికి పన్ను చేరేలా పనిచేస్తుంది. కోనసీమ పిల్ల అమలాపురంలో ఇంటర్, కాకినాడలో ఇంజినీరింగ్ చదువుకుని కూకట్‌పల్లిలో కాపురం పెడితే, ఆమె కొన్న ఫ్రిజ్ మీదా, తిన్న హోటల్ భోజనం మీదా పడే రాష్ట్ర జీఎస్టీ తెలంగాణకు చేరుతుంది. బండిలో పోయించుకున్న పెట్రోలు మీది వ్యాట్, కొన్న ఫ్లాట్ మీది స్టాంపు డ్యూటీ కూడా అక్కడికే. ఇందులో తెలంగాణ చేసిన తప్పేమీ లేదు. ఆ పిల్లకు రోడ్డూ నీళ్ళూ ఇచ్చేది ఆ రాష్ట్రమే. కానీ ఇరవైరెండేళ్ళ పెంపకం ఖర్చు ఒక రాష్ట్రానిదీ, నలభయ్యేళ్ళ పన్ను పంట ఇంకో రాష్ట్రానిదీ అయినప్పుడు, పెంచే రాష్ట్రం ఇంకో బిడ్డను కనమంటే ఆ పంట మళ్ళీ ఎవరి గాదెకు వెళుతుంది? 2014 విభజన చట్టం ఈ చేదును మనకు ఒకసారి రుచి చూపించింది. అప్పులను జనాభా దామాషాలో పంచి 58.32 శాతం మన నెత్తిన పెట్టారు. పన్ను బకాయిలను మాత్రం అంచనా వేసిన ఆఫీసు ఉన్న రాష్ట్రానికి వదిలేశారు. కంపెనీల హెడ్డాఫీసులు ఉన్నది హైదరాబాద్‌లో. భారం తలల లెక్కనా, రాబడి స్థలం లెక్కనా పంచితే, జనాన్ని పంపిన చోటు రెండు విధాలా ఓడిపోతుంది.

హైదరాబాద్ వెళ్ళినవాళ్ళు కనీసం భారతదేశం లెక్కలోనైనా ఉంటారు. గల్ఫ్ వెళ్ళినవాళ్ళ గతి అది కూడా కాదు. కడప జిల్లాతో పాటు గోదావరి జిల్లాల నుంచి, ముఖ్యంగా కోనసీమ లంకల నుంచి, కువైట్, ఖతర్, మస్కట్ వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఖద్దామా వీసా మీద అరబ్బుల ఇళ్ళలో వంటా, చాకిరీ చేస్తూ రెండేళ్ళకో నాలుగేళ్ళకో ఒకసారి వచ్చి పోతారు. 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇంటి మొహం చూడనివాళ్ళను ఆ ఇంటి మనిషిగా రాసుకోలేదు. దేశంలోనే మరోచోట ఉంటే అక్కడ రాశారు. కువైట్‌లో ఉన్న తల్లిని ఎక్కడా రాయలేదు. ఆమె పంపే డబ్బుతో కట్టిన ఇల్లు గృహగణనలో ఉంటుంది, ఆమె పిల్లలు బడి హాజరులో ఉంటారు, ఆమె అత్తామామలు పింఛన్ల జాబితాలో ఉంటారు, ఆమె మాత్రం ఉండదు. దీనివల్ల ఆర్థిక సంఘం సూత్రంలో రాష్ట్రానికి రెండు దెబ్బలు. తలల లెక్క తగ్గుతుంది. అంతే ఉత్పత్తిని తక్కువ తలలతో భాగించడం వల్ల మన తలసరి ఆదాయం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, దాంతో ఆదాయ వ్యత్యాసం కింద రావలసిందీ తగ్గుతుంది. లక్షమంది ఇలా లెక్క తప్పితే 2011 జనాభాలో అది 0.2 శాతం. రాష్ట్ర స్థాయిలో ఇది కొండంత అంకె కాదని ఒప్పుకుంటాను. కానీ ఆ లక్షమంది రాష్ట్రమంతటా సమంగా పరుచుకుని లేరు. వాళ్ళు కొన్ని మండలాల్లో, కొన్ని పంచాయతీల్లో గుంపుగా ఉన్నారు, అక్కడ ఇది చిన్న అంకె కానే కాదు.

విదేశాల్లో ఉన్నవాళ్ళను లెక్కించడం సాధ్యమా అని మీ అధికారులు అడగవచ్చు. అమెరికా 2004లో ప్రయోగం చేసి చూసింది. విదేశాల్లో ఉన్న తన పౌరులను లెక్కించడానికి ఫ్రాన్స్, మెక్సికోలతో పాటు కువైట్‌ను కూడా ఎంచుకుంది. ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ అని విరమించుకుంది. అంతకు ముందు, 2000 లెక్కల్లో వెయ్యిమంది కూడా లేని తేడాతో ఒక పార్లమెంటు సీటు ఉత్తర కరోలినాకు పోగొట్టుకున్న యూటా రాష్ట్రం, విదేశాలకు మతప్రచారానికి వెళ్ళిన తమ యువకులను లెక్కలో కలపలేదని కోర్టుకెక్కి ఓడిపోయింది. ఇవి మనకు ప్రతికూలంగా కనిపించే ఉదాహరణలే. అయితే ఫిలిప్పీన్స్ వేరే దారి పట్టింది. మన ఆడవాళ్ళ లాగే గల్ఫ్ ఇళ్ళలో పనిచేసే లక్షలాది ఫిలిప్పీనో ఆడవాళ్ళు ఆ దేశానికి ఉన్నారు. విదేశంలో వెతకకుండా, ఇంటి దగ్గరే అడిగి, వెళ్ళి అయిదేళ్ళు దాటని కార్మికులను ఆ ఇంటి సభ్యులుగానే జనాభా లెక్కల్లో రాస్తుంది. ఎన్యుమరేటరు కువైట్ వెళ్ళక్కర్లేదు. మా ఊరు ఓడలరేవులో గుమ్మం ముందు నిలబడి ఇంకొక్క ప్రశ్న అడిగితే చాలు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. మనిషి ఎక్కడ ఉంటే అక్కడ సేవలు వాడుకుంటాడు, ఖర్చు ఎక్కడో నిధులూ అక్కడికే వెళ్ళాలి, ఊళ్ళో లేనివాళ్ళ పేరు మీద డబ్బు అడగడం ఏం న్యాయం అన్నది. హైదరాబాద్, బెంగళూరు వలసల విషయంలో ఈ వాదన చాలామటుకు సరైనదే. అందుకే కూకట్‌పల్లిలో స్థిరపడినవాళ్ళను మన లెక్కలో కలపమని నేను అడగడం లేదు. కువైట్ విషయంలో మాత్రం ఇది నిలవదు. కువైట్ ఆమెకు పౌరసత్వం ఇవ్వదు, పింఛను ఇవ్వదు, పిల్లలకు చదువు చెప్పదు. నడుం వంగాక తిరిగొచ్చేది ఇక్కడికే, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు తీసుకుని అమలాపురం ఆస్పత్రిలో కూర్చునేది ఇక్కడే. ఆమె బాల్యం, ఆమె పిల్లల బాల్యం, ఆమె వృద్ధాప్యం మూడూ మన ఖజానావి. మధ్యలో ఉన్న పని వయసు ఒక్కటే పరాయి దేశానిది. ఆమె పంపిన డబ్బు ఇక్కడి దుకాణాల్లో ఖర్చయి రాష్ట్రానికి జీఎస్టీ రావడం లేదా అంటే, వస్తోంది. అది ఆమె రాష్ట్రానికి ఇంకా పన్ను కడుతూనే ఉందని చెప్పే సాక్ష్యం. పన్ను కట్టేటప్పుడు ఇక్కడి మనిషి, పంచేటప్పుడు ఇక్కడ లేని మనిషి ఎలా అవుతుంది?

ఇంకో అభ్యంతరం రాజకీయంగా ఇబ్బందికరమైనది. వలసవెళ్ళినవాళ్ళను లెక్కించమంటే ఉత్తరప్రదేశ్, బిహార్‌లకు మనకన్నా ఎక్కువ లాభం కదా, గల్ఫ్‌లో వాళ్ళ మనుషులు తక్కువా అని. నిజమే. వాళ్ళకు రావలసింది వాళ్ళకు రావాలి. మన రొయ్యల చెరువుల మీదా, ఇటుక బట్టీల్లోనూ పనిచేసే ఉత్తరాది, ఒడిశా కూలీల చెమటతో ఇక్కడ పన్నులు పుడుతున్నప్పుడు, వాళ్ళ ఊళ్ళలో ముసలివాళ్ళను చూసుకునే ప్రభుత్వానికి ఏమీ దక్కకూడదనడం మనకు తగదు. 'దక్షిణాది పన్నులు ఉత్తరాది తినేస్తోంది' అన్న నినాదంలో మన రాష్ట్రం గొంతు కలపడం మీద నాకున్న సందేహం కూడా ఇక్కడిదే. తమిళనాడు, కర్ణాటకల లెక్క వేరు, మన లెక్క వేరు. 14వ సంఘం నుంచి 22 వేల కోట్లు, 15వ సంఘం నుంచి 2021 తర్వాత 30 వేల కోట్లు రెవెన్యూ లోటు గ్రాంటుగా తీసుకున్న రాష్ట్రం మనది. ఎవరి పన్ను వాళ్ళే ఉంచుకోవాలన్న సూత్రం దేశమంతటా పెడితే మొదట నష్టపోయేవాళ్ళలో మనమూ ఉంటాం. ఆ సూత్రాన్ని హైదరాబాద్ మన మీద ఎప్పుడో వాడింది కూడా. మనకు నప్పే వాదన అది కాదు. మనుషులను పెంచి పంపే ప్రాంతాలకు, పంపినందుకు శిక్ష పడకూడదన్నదే మన వాదన కావాలి. అది కోనసీమకూ చెల్లుతుంది, బిహార్‌లోని సివాన్‌కూ చెల్లుతుంది. ఒక వాదన రెండుచోట్లా చెల్లినప్పుడే ఢిల్లీలో దానికి బలం.

ఓడలరేవు నుంచి ఎగుమతి అయ్యేది మనుషులే కాదు. వైనతేయ నది సముద్రంలో కలిసే ఈ చోట ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉంది. లోతు సముద్రంలోని కృష్ణా–గోదావరి (కేజీ) బ్లాకు గ్యాస్ పైపుల్లో ఇక్కడికే ఒడ్డు చేరుతుంది. రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం సముద్రం అడుగున దొరికేదంతా కేంద్రానిది, దాని మీద రాయల్టీ కేంద్రానిదే. రాయల్టీ పన్ను కాదు కాబట్టి రాష్ట్రాలకు పంచే పన్నుల కుండలో కూడా పడదు. సెస్సులు, సర్‌చార్జీలూ ఆ కుండ బయటే. బొగ్గు, ఇనుము తవ్వే జిల్లాలకు 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. చమురు, గ్యాస్ ఆ చట్టం కిందికి రావు కాబట్టి ఈ తీరానికి అదీ లేదు. వేట సాగే నీళ్ళలో పైపులు, పసర్లపూడి గ్యాస్ బావి మంటలు, నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలుడు జ్ఞాపకాలు మాత్రం ఈ జిల్లావి. గ్యాస్ మీద వచ్చేది స్థలం లెక్కన రాదు. తలల లెక్కన వచ్చేదానిలో తలలే తక్కువ పడతాయి. రెండు ఎగుమతులూ ఇలాగే మా చేతుల్లోంచి జారిపోతున్నాయి.

ఢిల్లీని అడిగేముందు అమరావతి చేయవలసింది కూడా ఉంది. స్థానిక సంస్థల గ్రాంటును రాష్ట్రాల మధ్య పంచేటప్పుడు 15వ సంఘం జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం బరువు పెట్టింది. ఆ తర్వాత పంచాయతీల దాకా దిగేసరికి కూడా తలల లెక్కే రాజ్యం. సగం ఇళ్ళలో ముసలివాళ్ళూ పిల్లలే మిగిలిన ఊరికి తాగునీరు, చెత్త, వీధిదీపాల ఖర్చేమీ తగ్గదు. ఇళ్ళు అన్నే ఉంటాయి, గ్రాంటే తగ్గుతుంది. అలా వచ్చిన కొద్దిపాటి నిధులను కూడా కరెంటు బకాయిల కింద జమకట్టేసుకుంటున్నారని గత ప్రభుత్వ కాలంలో సర్పంచులు రోడ్డెక్కారు. 243-ఐ అధికరణం కింద రాష్ట్ర ఆర్థిక సంఘం వేసే అధికారం మీ ప్రభుత్వం సలహా మీద గవర్నర్‌ది. పంచాయతీ వాటాలో తలల సంఖ్యతో పాటు అరవై దాటినవాళ్ళ సంఖ్యకూ, తాళం పడని ఇళ్ళ సంఖ్యకూ బరువు పెట్టమని ఆ సంఘానికి విధివిధానాల్లో రాయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. మన పంచాయతీలకు మనమే చేయని న్యాయాన్ని 17వ ఆర్థిక సంఘం ముందు అడగడానికి నోరు రాదు.

దానికి ముందు కావలసింది అంకెలు. కేరళ 1998 నుంచి అయిదేళ్ళకోసారి వలసల సర్వే చేయించుకుంటోంది. ఎవరు వెళ్ళారు, ఎక్కడికి వెళ్ళారు, ఎంత పంపారు, ఎందరు తిరిగొచ్చారు అన్నవన్నీ ఆ రాష్ట్రం ఏ సంఘం ముందైనా కాగితం మీద చూపించగలదు. మనకు ఎంబసీ గేటు దగ్గర కన్నీళ్ళూ, క్షమాభిక్ష ప్రకటించినప్పుడు విమానాల కోసం పరుగులూ తప్ప అలాంటి కాగితం లేదు. ఊళ్ళలో గ్రామ సచివాలయాలున్నాయి, వాటిలో జీతం తీసుకునే ఉద్యోగులున్నారు. తలల లెక్క మొదలవకముందే ప్రతి సచివాలయంలో వలస రిజిస్టరు ఒకటి తెరిపించండి. ఇంటి పేరు, దేశం, వెళ్ళిన సంవత్సరం, ఇంట్లో మిగిలినవాళ్ళ వయసులు, ఇంతే. ఆ రిజిస్టరుతో ఢిల్లీలో రిజిస్ట్రార్ జనరల్ దగ్గరకు వెళ్ళి, అయిదేళ్ళ లోపు విదేశంలో ఉన్న కార్మికుల వివరం ప్రశ్నావళిలో చేర్చమని రాష్ట్ర ప్రభుత్వం తరఫున అడగండి. కాదంటే కనీసం మన రిజిస్టరు మన దగ్గర ఉంటుంది, 17వ సంఘం వచ్చినప్పుడు బల్ల మీద పెట్టడానికి. మొదటి రిజిస్టరు అల్లవరం మండలంలో తెరిస్తే, ఓడలరేవులో ప్రతి గడపా సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉంటుంది.

భవదీయుడు,
ఓడలరేవు పౌరుడొకరు,
అల్లవరం మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా